ఎత్తిన చేతుల మధ్య

(ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఎండ తగ్గకముందే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

నా చిన్నప్పుడు మా ఊరి రచ్చబండ వెనక గోడ మీద ఎర్ర రంగుతో ఒక నినాదం ఉండేది. ‘చైనా ఛైర్మనే మన ఛైర్మన్’ అని. రాత్రికి రాత్రే ఎవరో రాసి వెళ్లారు. పంచాయతీ వాళ్లు సున్నం కొట్టించారు. వాన పడ్డప్పుడల్లా సున్నం కింద నుంచి ఆ ఎరుపు మళ్లీ పైకి తేలేది. శ్రీకాకుళం కొండల్లో ఎదురుకాల్పుల వార్తలు పేపర్లో వస్తున్న రోజులవి. మన తెలుగు నేల మీద చైనా మాట అంతకు చాలా ముందే మొదలైంది. 1948లోనే, తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తుండగానే, ఆంధ్ర కమ్యూనిస్టులు మనది రష్యా దారి కాదు, చైనా దారి అని మావో రాతలు ముందు పెట్టుకుని వాదించారు. అప్పటికి చైనాలో మావో ఇంకా గెలవలేదు కూడా.

అంతగా చైనాను మనసులో పెట్టుకున్న మనకు అక్కడ తెలిసిన మనిషి మాత్రం ఒక్కరే. మావో. చౌ ఎన్‌లై పేరు కొందరికి తెలుసు, నెహ్రూ గారితో పంచశీల వల్ల. మిగతా వాళ్లు? ఆ గోడ మీద రాసిన కుర్రాడికి పెంగ్ దెహువాయ్ ఎవరో తెలుసా? లియూ షావోచీ అప్పటికి ఏ గదిలో ఏ స్థితిలో పడి ఉన్నాడో తెలుసా? తెలిసే వీలు లేదు. ఈ సాయంత్రం నేను ఆ మిగతా వాళ్ల గురించి మాట్లాడదామని వచ్చాను.

1949 అక్టోబర్ 1న కొత్త చైనాను ప్రకటిస్తూ మావో, ఆయన సహచరులు బీజింగ్‌లో తియానాన్మెన్ ద్వారం మీద నిలబడిన ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ నాయకత్వంలో ముగ్గురిని పట్టుకుందాం. చౌ ఎన్‌లై, పెంగ్ దెహువాయ్, లియూ షావోచీ. ముగ్గురూ ఒకే ఏడాది, 1898లో పుట్టారు. మావో కంటే ఐదేళ్లు చిన్నవాళ్లు. ముగ్గురూ ఆయనతో పాతికేళ్లు పైగా నడిచినవాళ్లే. ముగ్గురికీ ఒకే ప్రశ్న ఎదురైంది: మావో తప్పు చేస్తుంటే చెప్పాలా, ఊరుకోవాలా? పదేళ్ల తేడాలో ముగ్గురూ మూడు రకాలుగా జవాబు చెప్పారు. నాకు వీళ్ల కథ ఎన్నిసార్లు చదివినా తీరని బాధ అందుకే.

ముందు పెంగ్ గురించి చెప్పాలి. హునాన్ రాష్ట్రం, షియాంగ్‌తాన్ జిల్లా. మావోది కూడా అదే జిల్లా. కానీ మావో ఇంట్లో తిండికి లోటు లేదు. పెంగ్ ఇంట్లో తినడానికే లేదు. చిన్నతనంలోనే తల్లి పోయింది. నాయనమ్మతో కలిసి అడుక్కోవడానికి బయల్దేరిన రోజు ఆయన జీవితాంతం మరిచిపోలేదు. పశువులు కాశాడు, బొగ్గు గనిలో పని చేశాడు, దొంగ్‌తింగ్ సరస్సు కట్ట పనుల్లో మట్టి మోశాడు. ఆ తర్వాత పొట్ట కోసం సిపాయి అయ్యాడు. 1928లో పింగ్‌జియాంగ్‌లో తన దళంతో తిరుగుబాటు చేసి ఎర్రసైన్యంలోకి వచ్చాడు. అక్కడి నుంచి ఎర్రసైన్యం వేల మైళ్లు నడిచిన లాంగ్ మార్చ్, జపాన్ మీద యుద్ధం, అంతర్యుద్ధం, అన్నింట్లో ముందు వరుసే.

1950లో కొరియా యుద్ధానికి సేనాపతిగా వెళ్లమంటే వెళ్లింది ఈయనే. అక్కడ ఒక సంఘటన జరిగింది. మావో పెద్ద కొడుకు మావో ఆన్‌యింగ్ రష్యన్ భాష తెలిసినవాడు కాబట్టి అనువాదకుడిగా పెంగ్ శిబిరంలోనే ఉండేవాడు. 1950 నవంబర్ 25న అమెరికన్ విమానాలు ఆ శిబిరం మీద బాంబులు వేశాయి. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు కాలిపోయాడు. పెళ్లయి ఏడాది దాటిందంతే. ఆ వార్త మావోకు చేర్చాల్సిన బాధ్యత పెంగ్‌ది. దీన్ని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను దీని దగ్గరికి.

1953 జులైలో కొరియా యుద్ధ విరమణ ఒప్పందం మీద చైనా తరఫున సంతకం పెట్టిందీ పెంగే. తర్వాత రక్షణ మంత్రి అయ్యాడు. 1955లో పది మందికి మార్షల్ హోదా ఇచ్చారు, అందులో ఒకడు. ఇంత పెద్దవాడైనా మాట తీరు మాత్రం మారలేదు. మావోను ఎదురుగా పేరు పెట్టి చనువుగా పిలిచే అతి కొద్దిమందిలో ఆయనొకడు. అందరూ ‘ఛైర్మన్’ అంటుంటే ఈయన పాత రోజుల్లోలాగే పిలిచేవాడు.

ఇక 1958. ఆ ఏడాది ఏం జరిగిందో కొంచెం వివరంగా చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు.

‘మహా ముందంజ’ అన్నారు దాన్ని. ఉక్కులో బ్రిటన్‌ను దాటాలి, అదీ పదిహేనేళ్లలో. 1957లో చైనా తయారు చేసిన ఉక్కు 53 లక్షల టన్నులు చిల్లర. ఒక్క ఏడాదిలో దాన్ని రెట్టింపు చేసి కోటీ 7 లక్షల టన్నులు చేయాలని లక్ష్యం పెట్టారు. ఫ్యాక్టరీలు చాలవు కదా, అందుకని ఊరూరా పెరట్లో కొలుములు కట్టారు. ఖనిజం దొరకని చోట ఇంట్లో వంట మూకుళ్లు, తలుపు గొళ్లేలు, నాగలి కర్రులు తెచ్చి కరిగించారు. చివరికి వచ్చింది ఎందుకూ పనికిరాని ఇనుప ముద్ద. బొగ్గు కోసం కొండల మీద చెట్లు నరికేశారు. అదే సమయంలో పల్లెలన్నీ కలిపి భూమీ పనీ ఉమ్మడిగా ఉండే కమ్యూన్లు చేశారు. మూకుళ్లు కొలిమిలో పోయాయి కాబట్టి వంట ఇంట్లో లేదు, ఉమ్మడి వంటశాలల్లో తినాలి.

మన రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీకు నేను చెప్పక్కర్లేదు. కోతల సమయంలో మగవాళ్లందరినీ కొలుముల దగ్గరికి తోలేస్తే పొలంలో ఏమవుతుంది? 1958లో పంట బాగా పండింది. కానీ కోసే చేతులు లేక చాలా చోట్ల పొలంలోనే రాలిపోయింది, చిలగడదుంపలు భూమిలోనే కుళ్లిపోయాయి. పైకి వెళ్లే లెక్కలు మాత్రం ఇంకోలా ఉన్నాయి. ఒక ఊరు ఎకరానికి ఇంత అంటే పక్క ఊరు దానికి రెట్టింపు అనేది. ఆ దొంగ లెక్కల మీద సర్కారు తన వాటా ధాన్యం పట్టుకెళ్లేది. లేని పంటలో వాటా అంటే రైతు తినే గింజలు తీసుకెళ్లడమే. కరువు పుట్టింది ఇక్కడే. ఆ తర్వాత వానలు తప్పిన మాటా నిజమే, కానీ మొదటి దెబ్బ కొట్టింది కాగితం మీద అంకె.

ఆ ఏడాది చివర్లో పెంగ్ హునాన్ వెళ్లాడు. తన సొంత జిల్లాకీ వెళ్లాడు. పొలాల్లో ముసలమ్మలు, పిల్లలు తప్ప ఎవరూ లేరు. ఇళ్లు పడగొట్టి ఆ కలప కొలిమిలో వేస్తున్నారు. లెక్కలు చూపించబోతే వద్దని తనే వెళ్లి చూశాడు. చిన్నప్పుడు నాయనమ్మతో అడుక్కున్న మనిషికి ఆకలి మొహం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

1959 జులై. జియాంగ్షీ రాష్ట్రంలో లూషాన్ కొండ. మనకు హార్సిలీ హిల్స్ ఎలాగో అలాంటి చల్లని చోటు. పాత మిషనరీలు కట్టుకున్న బంగళాలు, ఒకప్పుడు మావో ఓడించిన చియాంగ్ కై షేక్ వేసవి విడిది. అక్కడ పార్టీ పెద్దలందరూ సమావేశమయ్యారు. నిజానికి ఆ సమావేశం పెట్టిందే ముందంజలో జరిగిన అతిని సరిదిద్దుకుందామని. మొదటి రోజుల్లో వాతావరణం చాలా తేలిగ్గా ఉంది. పగలు చర్చలు, సాయంత్రం షికార్లు. ‘దేవతల సభ’ అని పిలుచుకున్నారు.

జులై 13 ఉదయం పెంగ్ మావోతో విడిగా మాట్లాడదామని ఆయన బస దగ్గరికి వెళ్లాడు. మావో రాత్రంతా మేలుకుని పగలు పడుకునే మనిషి. కాపలా కుర్రాడు ‘ఛైర్మన్ ఇప్పుడే పడుకున్నారు’ అన్నాడు. పెంగ్ వెనక్కి వచ్చి ఉత్తరం రాశాడు. 14వ తేదీన అది మావోకు చేరింది. నేను చాలాసార్లు అనుకుంటాను, ఆ ఉదయం మావో ఇంకో గంట మేలుకుని ఉంటే ఇద్దరు పాత స్నేహితులు గట్టిగా పోట్లాడుకుని, టీ తాగి లేచేవారేమో అని. చరిత్రలో అలా అనుకోవడం తప్పని నాకు తెలుసు. అయినా అనిపిస్తుంది.

ఆ ఉత్తరంలో ఏముంది? ముందు సగం పొగడ్తే. ముందంజ సాధించినవి చెప్పాడు. రెండో సగంలో లోపాలు రాశాడు. గొప్పల కోసం లెక్కలు పెంచే జబ్బు పట్టుకుందనీ, ఒక్క అంగలో కమ్యూనిజంలోకి దూకేద్దామనే ‘పెటీ బూర్జువా (చిన్న ఆస్తిపరుల) ఉన్మాదం’ మనల్ని ఎడమ పక్కకి లాగిందనీ రాశాడు. పెరటి కొలుముల గురించి నాలుగే నాలుగు చైనా అక్షరాలు. వాటి అర్థం ‘నష్టమూ ఉంది, లాభమూ ఉంది’. ఆ నాలుగు అక్షరాల మీద ఎంత గొడవ జరిగిందో చూడండి. లాభం ముందు రాయకుండా నష్టం ముందు రాశాడట! మాట వరస మారినందుకు మనిషి మనసులో విషం ఉందని తేల్చారు.

మావో రెండు రోజులకు తనొక్కడికే రాసిన ఆ ఉత్తరాన్ని అచ్చు వేయించి అందరికీ పంచాడు. ‘కామ్రేడ్ పెంగ్ దెహువాయ్ అభిప్రాయ లేఖ’ అని పైన శీర్షిక పెట్టాడు. అది చదివి కొందరు నిజాయితీగా ‘పెంగ్ చెప్పింది నిజమే’ అన్నారు. ఝాంగ్ వెన్‌తియాన్ అనే పెద్దాయన, ఒకప్పుడు పార్టీకే పెద్దగా ఉన్నవాడు, మూడు గంటలు మాట్లాడి అదే విషయాన్ని ఇంకా గట్టిగా చెప్పాడు.

జులై 23న మావో మాట్లాడాడు. ఉక్కు ఉద్యమం బాధ్యత నాదే అని ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, సైన్యం నన్ను కాదని పెంగ్ వెంట వెళ్తే నేను పల్లెలకు పోయి మళ్లీ కొత్త ఎర్రసైన్యం కడతానన్నాడు. అంటే ఇక్కడున్న ప్రతి ఒక్కరూ ఆయనో నేనో తేల్చుకోండి అని. అదే ప్రసంగంలో ఒక పాత సామెత ఎత్తుకుని, నాకు వంశం లేకుండా పోతుందా, ఒక కొడుకు యుద్ధంలో పోయాడు, ఒక కొడుక్కి మతి చెడింది అన్నాడు. ఇందాక కొరియా సంగతి గుర్తుంచుకోమన్నాను కదా. ఆ కొడుకు పోయింది పెంగ్ శిబిరంలో. ఆ గదిలో కూర్చున్న పెంగ్‌కి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో ఆలోచించండి. లెక్కలు, ఉక్కు, ధాన్యం గురించి మొదలైన చర్చ అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత ఎవరు నా మనిషి, ఎవరు కాదు అన్నదే మిగిలింది.

పెంగ్ కూడా తగ్గే మనిషి కాదు. ‘యెనాన్‌లో నన్ను నలభై రోజులు తిట్టారు, నేను ఇరవై రోజులు తిట్టకూడదా’ అని అరిచాడు. యెనాన్ అంటే యుద్ధ కాలంలో పార్టీ స్థావరం. అసలు మాట ఇంకా మోటుగా ఉంటుంది, ఈ సభలో చెప్పలేను.

మిగతా వాళ్లు ఏం చేశారు? అసలు నా ప్రసంగం దీని గురించే.

ఝూ దె, ఎర్రసైన్యానికి తండ్రిలాంటివాడు, పన్నెండేళ్లు పెద్దవాడు, పెంగ్‌ని మెత్తగా మందలించాడు. మావో తన కాలు ఎత్తి బూటు మీద గోకి చూపించాడు. దురద ఒకచోట, నువ్వు గోకేది బూటు మీద అని. పెద్దాయన ఆగిపోయాడు.

చౌ ఎన్‌లై పెంగ్ వైపు మాట్లాడలేదు. ఎందుకు? 1956లో ఇంత వేగం వద్దని లెక్కలు తగ్గించింది చౌ. అందుకు 1958 జనవరిలో నాన్నింగ్ సమావేశంలో మావో ఆయన్ని అందరి ముందూ కడిగేశాడు. ఆ మే నెలలో చౌ పార్టీ మహాసభ ముందు నిలబడి ఆత్మవిమర్శ చేసుకున్నాడు. ప్రధాని పదవి వదిలేస్తానని కూడా అన్నాడు. వద్దు ఉండు అన్నారు. ఆ రోజుల టెన్షన్ ఆయన ఒంట్లోంచి పోలేదు. పెంగ్ ఎంత నిజం చెప్తున్నాడో ఆ గదిలో అందరికంటే బాగా తెలిసింది బహుశా చౌకే. అందరి కంటే ముందు ఆ దెబ్బ రుచి చూసిందీ ఆయనే.

లియూ షావోచీ పెంగ్‌కి వ్యతిరేకంగా నిలిచాడు. అంతకు మూడు నెలల ముందే ఆయన దేశాధ్యక్షుడయ్యాడు.

ఇంకో మార్షల్ లిన్ బియావోను ప్రత్యేకంగా కొండ మీదికి పిలిపించారు. ఆయన వచ్చి పెంగ్‌ని పదవీ వ్యామోహి, కపటి అన్నాడు. చైనాలో మహావీరుడు మావో ఒక్కడే, ఇంకెవరూ ఆ ఆశ పెట్టుకోకూడదన్నాడు. సెప్టెంబర్‌లో రక్షణ మంత్రి పదవి ఆయనకే వచ్చింది.

ఆగస్టు 16న చేతులు లేచాయి. పెంగ్, ఝాంగ్ వెన్‌తియాన్, సేనాని హువాంగ్ కెచెంగ్, హునాన్ కార్యదర్శి ఝౌ షియావోఝౌ, నలుగురినీ పార్టీ వ్యతిరేక ముఠా అని తీర్మానించారు.

ఇది నలుగురి పదవుల సంగతి మాత్రమే అయితే నేనింత సేపు చెప్పేవాణ్ణి కాదు. లూషాన్ తర్వాత దేశమంతా ‘మితవాద అవకాశవాదుల’ వేట మొదలైంది. 30 లక్షల మందికి పైగా ఆ ముద్ర పడింది. వాళ్లెవరు? జిల్లాలో, కమ్యూన్‌లో ‘ధాన్యం లేదయ్యా’ అని పైకి చెప్పే సాహసం ఉన్న చిన్న చిన్న ఉద్యోగులు. వాళ్ల నోళ్లు మూతపడ్డాయి. సరిదిద్దుకోవాల్సిన తప్పు రెట్టింపయింది. 1960 కరువుకు అడ్డు లేకుండా పోయింది. హెనాన్‌లో షిన్‌యాంగ్ అనే ఒక్క ప్రాంతంలోనే పది లక్షల దాకా చనిపోయారు. దేశం మొత్తం మీద ఆ మూడేళ్లలో ఎంతమంది పోయారన్న దాని మీద పండితుల మధ్య పెద్ద తేడాలున్నాయి. కోటిన్నర అన్నవాళ్లున్నారు, నాలుగున్నర కోట్లన్నవాళ్లున్నారు. తక్కువ అంకె తీసుకున్నా నోట మాట రాదు.

ఇప్పుడు లియూ దగ్గరికి వద్దాం. 1961 ఏప్రిల్‌లో ఆయన హునాన్ వెళ్లాడు. ఆయనా హునాన్ వాడే, నింగ్‌షియాంగ్ జిల్లా. 44 రోజులున్నాడు. హడావుడి వద్దన్నాడు, విందులు వద్దన్నాడు. వాంగ్‌జియావాన్‌లో పదివేల పందుల ఫారం అని పేరు పెట్టిన చోట, దాణా గదిలో పడుకున్నాడు. అక్కడ పందులే దాదాపు లేవు. ఒకరోజు దారి పక్కన మనిషి మలం ఎండిపోయి కనిపించింది. దేశాధ్యక్షుడు వంగి దాన్ని కదిపి చూశాడు. అంతా పీచే. జనం గింజలు కాదు, ఆకులూ వేళ్లూ తింటున్నారని ఆయనకు అలా తెలిసింది. ఏ నివేదికలోనూ రాని సమాధానం అది.

సొంత ఊరికి వెళ్తే అక్కగారింట్లో బావ పోయాడు. ఆకలితోనే. నలభై ఏళ్ల తర్వాత ఊరికి వస్తే మిమ్మల్ని ఇలా చూడాల్సి వచ్చింది, క్షమించండని ఊరివాళ్ల ముందు అన్నాడు. ఉమ్మడి వంటశాలలు మూసేయాలన్న నిర్ణయం వెనక ఈ ప్రయాణం చాలా పని చేసింది.

1962 జనవరిలో బీజింగ్‌లో ఏడు వేల మంది కార్యకర్తలతో మహాసభ. అక్కడ లియూ నోరు విప్పాడు. ఈ విపత్తులో ప్రకృతి వాటా మూడు పాళ్లు, మనుషులు చేసిన వాటా ఏడు పాళ్లు అని హునాన్ రైతులు తనతో అన్నమాటను ఆ సభలో చెప్పాడు. ఆ ఏడు వేల మంది ఊపిరి పీల్చుకున్నారు. అదే సంవత్సరం మావోతో ముఖాముఖి మాటల్లో ‘ఇంతమంది చచ్చారు, చరిత్రలో నీ పేరూ నా పేరూ రాస్తారు’ అన్నాడని ఆయన కుటుంబం తర్వాత చెప్పింది.

మరి లియూ అదే సభలో పెంగ్ గురించి ఏమన్నాడు? పెంగ్ ఉత్తరంలో రాసినవి చాలా నిజాలేనన్నాడు. అయినా మిగతా వాళ్ల కేసులు తిరగదోడొచ్చు గానీ పెంగ్ కేసు మాత్రం కుదరదన్నాడు. విదేశాలతో సంబంధం ఉందన్నాడు. ఈ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఆకలితో చచ్చిన బావను చూసి వచ్చిన మనిషి, రైతుల మలం కదిపి చూసిన మనిషి, మూడేళ్ల ముందు అదే నిజం చెప్పినవాడిని మాత్రం బావిలోనే వదిలేశాడు. ఆయన్ని పైకి లాగితే మావోను కిందికి దించినట్టవుతుంది కాబట్టి. నాకు లియూ మీద ఎంతో గౌరవం ఉంది. ఆ గౌరవం ఉంది కాబట్టే ఇది దాచను. పెంగ్‌ని ఆ రోజు కాపాడి ఉంటే, నాలుగేళ్ల తర్వాత లియూ పక్కన నిలబడడానికి ఒకడు మిగిలేవాడు.

పెంగ్ అప్పుడు ఎక్కడున్నాడు? పార్టీ పెద్దలుండే ఝోంగ్‌నాన్‌హాయ్ ఆవరణలో బంగళా ఖాళీ చేసి బీజింగ్ శివార్లలో ఒక పాత తోట ఇంట్లో. మార్షల్ దుస్తులు వెనక్కి ఇచ్చేశాడు. పెరట్లో గోధుమ వేశాడు. కాలక్షేపానికి కాదు. ఎకరానికి వేల కిలోలు పండాయని పేపర్లు రాశాయి కదా, చేతనైనంత జాగ్రత్తగా సాగు చేస్తే చిన్న ముక్కలో నిజంగా ఎంత పండుతుందో తూచి చూద్దామని. పిచ్చుకలు తినకుండా తనే కాపలా కూర్చునేవాడు.

ఆయన భార్య పు ఆన్‌షియూ. మీద వచ్చిన ఒత్తిడి తట్టుకోలేక విడిపోతానని అడిగింది. 1962లో ఒకరోజు ఆమె వచ్చినప్పుడు పెంగ్ ఒక బేరీపండు రెండు ముక్కలు కోశాడు. చైనా భాషలో బేరీపండు పంచుకోవడం అన్నా విడిపోవడం అన్నా ఒకేలా పలుకుతుంది. భార్యాభర్తలు అందుకే ఆ పండు కోసుకుని తినరు. ఇద్దరం సగం సగం తింటే తెగిపోయినట్టు అన్నాడు. ఆమె తన సగం తిన్నది. ఆయన తన సగం ముట్టుకోలేదంటారు.

1965లో మావో ఆయన్ని పిలిచి, నిజం నీ వైపే ఉందేమోనన్నాడు. సిచువాన్‌లో పని ఇచ్చి పంపాడు. ఏడాది తిరగ్గానే రెడ్ గార్డులు, అంటే మావో పేరు మీద వీధికెక్కిన విద్యార్థి దళాలు, అక్కడి నుంచే పట్టుకొచ్చారు.

పార్టీలో తనకు గిట్టనివాళ్ల మీదికి మావో కుర్రకారును ఉసిగొల్పిన సాంస్కృతిక విప్లవం గురించి పేజీలకు పేజీలు ఉంది, నేను త్వరగా దాటుతాను. 1966 ఆగస్టులో మావో ‘హెడ్‌క్వార్టర్స్ మీద బాంబులు వేయండి’ అని రాశాడు. ఆ హెడ్‌క్వార్టర్స్ అంటే లియూ షావోచీ అని అందరికీ అర్థమైంది. 1967 ఆగస్టులో ఝోంగ్‌నాన్‌హాయ్‌లోనే ఆయన్ని జనం మధ్య నిలబెట్టి కొట్టారు. తర్వాత ఆయన రాజ్యాంగం పుస్తకం చేత్తో పట్టుకుని, నేను ఈ దేశాధ్యక్షుణ్ణి, పౌరుడిగానైనా నాకు మాట్లాడే హక్కుంది అన్నాడు. ఆ రాజ్యాంగం ఆ రోజు ఎవరినీ కాపాడలేదు. అది బలంగా ఉన్న రోజుల్లో పెంగ్ చేతిలో ఎందుకు లేదు అన్న ప్రశ్న ఆయన్ని వెంటాడిందేమో.

పార్టీ ప్రధాన కార్యదర్శి డెంగ్ షియావోపింగ్, తర్వాతి రోజుల్లో దేశాన్ని నడిపినవాడు, ఆయన కూడా అప్పుడే పడ్డాడు. జియాంగ్షీలో ట్రాక్టర్ల రిపేరు ఫ్యాక్టరీలో ఫిట్టర్ పని చేశాడు. ఆయన పెద్ద కొడుకు యూనివర్సిటీ మేడ మీద నుంచి పడి నడుము కింద చచ్చుబడిపోయాడు. లూషాన్ సమావేశానికి డెంగ్ వెళ్లలేదు. కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. కాలు బాగుండి ఉంటే ఆయన చెయ్యి కూడా లేచేదా అన్నది ఊహకే వదిలేద్దాం. లిన్ బియావో 1969లో వారసుడని పార్టీ నియమావళిలోనే పేరు రాయించుకుని, 1971 సెప్టెంబర్ 13న మంగోలియాలో కూలిన విమానంలో చనిపోయాడు.

చౌ? చౌ చివరి దాకా ప్రధాని. 1966 ఆగస్టులో రెడ్ గార్డులు ఇళ్ల మీద పడుతుంటే ఎవరెవర్ని కాపాడాలో చేత్తో జాబితా రాశాడు. చాలా ప్రాణాలు ఆ కాగితం వల్ల నిలిచాయి. లియూను వెళ్లగొట్టిన కాగితాల మీదా ఆయన సమ్మతి ఉంది. 1976 ఏప్రిల్‌లో, పెద్దల సమాధులు శుభ్రం చేసే పండగ రోజుల్లో, తియానాన్మెన్‌లో లక్షల మంది చౌ కోసం తెల్ల పూలు పెట్టి ఏడ్చారు. ఆ జనం తప్పు చేయలేదు. ఆయన లేకపోతే ఇంకా ఘోరం జరిగేది. ఆయన ఉన్నా జరగాల్సిన ఘోరం జరిగింది. ఈ రెండూ నేను ఒకే నోటితో చెప్తున్నాను, ఇంతకంటే సులువుగా చెప్పే దారి నాకు దొరకలేదు.

1968 అక్టోబర్. కేంద్ర కమిటీ సమావేశం. పూర్తి సభ్యులు 97 మంది ఉండాల్సిన కమిటీ. అందులో చాలామంది జైళ్లలో ఉన్నారు, కొందరు చనిపోయారు. కోరం చాలక ప్రత్యామ్నాయ సభ్యులను పదిమందిని పైకి తెచ్చి లెక్క నింపారు. అజెండా: లియూ షావోచీ ద్రోహి, లోపలి శత్రువు, కార్మికుల వెన్నుపోటుదారు, పార్టీ నుంచి శాశ్వతంగా వెళ్లగొట్టాలి. చేతులు ఎత్తమన్నారు. హాలంతా చేతులు లేచాయి.

ఒక్క చెయ్యి లేవలేదు. ఛెన్ షావోమిన్. అప్పటికి అరవై ఆరేళ్ల మనిషి. షాండోంగ్‌లో పేద ఇంట్లో పుట్టింది. జపాన్ మీద యుద్ధంలో హుబేయ్, హెనాన్ పల్లెల్లో గెరిల్లా దళాలు నడిపింది. జనం ‘ఛెన్ పెద్దక్క’ అని పిలుచుకునేవారు. తర్వాత కార్మిక సంఘాల సమాఖ్యలో పెద్ద పదవి. ఆ రోజు ఆమె బల్ల మీద తల వాల్చుకుని అలాగే ఉండిపోయింది. సమావేశం అయ్యాక కాంగ్ షెంగ్, రహస్య విభాగాల పెద్ద, అందరూ వణికే మనిషి, వచ్చి ఎందుకు చెయ్యి ఎత్తలేదని అడిగాడు. ‘అది నా హక్కు’ అందని చెప్పుకుంటారు. ఏకగ్రీవం అని పత్రికల్లో రాశారు.

నవంబర్ 24 లియూ పుట్టినరోజు. డెబ్బై ఏళ్లు నిండాయి. ఆ రోజు గదిలో రేడియో పెట్టి వెళ్లగొట్టిన తీర్మానాన్ని వినిపించారు. అప్పటి నుంచి ఆయన దాదాపు మాట్లాడలేదు. 1969 అక్టోబర్‌లో స్ట్రెచర్ మీద విమానం ఎక్కించి హెనాన్‌లోని కైఫెంగ్ తీసుకెళ్లారు. నవంబర్ 12న పోయాడు. దహనం రికార్డులో పేరు లియూ వెయ్‌హువాంగ్, వృత్తి ‘ఏమీ లేదు’. అప్పుడు భార్య వాంగ్ గ్వాంగ్‌మెయ్ జైల్లో ఉంది. పెంగ్ 1974 నవంబర్ 29న బీజింగ్ ఆసుపత్రిలో కాన్సర్‌తో పోయాడు. ఆయన గది కిటికీలకు కాగితాలు అంటించి ఉండేవి, బయటి వెలుగు కూడా కనబడకుండా. ఆయన అస్థికల పెట్టె మీదా వేరే పేరే, వాంగ్ చువాన్, చెంగ్‌డూ వాసి అని.

ఇందాక ముందు వరసలోంచి ఒక అమ్మాయి చీటీ పంపింది, ఆ ఛెన్ పెద్దక్క ఏమైందని. చెప్తానమ్మా. ఆమెను హెనాన్‌లో ఒక పల్లెకు పంపేశారు. అప్పటికే గుండె జబ్బు. సరైన వైద్యం అందక ఒళ్లు ఇంకా పాడయింది. తర్వాత బీజింగ్‌కి రానిచ్చారు. 1978 డిసెంబర్‌లో పెంగ్ సంస్మరణ సభ జరిగింది, డెంగే మాట్లాడాడు. 1980 ఫిబ్రవరిలో లియూ మీద వేసిన నేరాలన్నీ తప్పని పార్టీ ప్రకటించింది. ఆ మే నెలలో వాంగ్ గ్వాంగ్‌మెయ్ భర్త అస్థికలు తీసుకెళ్లి చింగ్‌డావో దగ్గర సముద్రంలో కలిపింది. ఛెన్ షావోమిన్ ఇవేవీ చూడలేదు. ఆమె 1977 డిసెంబర్‌లోనే చనిపోయింది.